ప్రేమలో పడ్డ సంబరాన్ని పాటగా చేసిన నా అనుభవం

కొత్తగా ప్రేమలో పడ్డప్పుడు ఒక సంబరం ఉంటుంది చూశారూ, ఊరికే నవ్వొచ్చేయడం, చేస్తున్న పని చేతిలో ఉండగానే మరిచిపోవడం, ఫోన్ మోగితే గుండె ఝల్లుమనడం, దాన్ని మూడు నిమిషాల పాప్ పాటలో పెట్టాలని కూర్చున్నాను. అప్పటికి నేను నిజంగానే ఆ స్థితిలో ఉన్నాను కాబట్టి విషయం కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది. మాటలు, బాణీ నావి. కీబోర్డూ ప్రోగ్రామింగూ నా స్నేహితుడు చూసుకున్నాడు. పాడింది మాతో కాలేజీ రోజుల నుంచీ పాడుతున్న అమ్మాయి. స్టూడియోకి వెళ్ళకుండా అంతా ఇంట్లోనే చేసుకున్నాం. ఎలా జరిగిందో వివరంగా రాస్తున్నాను, ఇలాంటి పాట చేయాలనుకునేవాళ్ళకి ఇందులో పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి, పైగా ఈ పాటంటే నాకు ప్రాణం.

విరహం మీద పాట రాయడానికి కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. ఎవరో వెళ్ళిపోయారు, ఎందుకు వెళ్ళారు, ఇప్పుడెలా ఉంది, ఇలా దానికొక కథ ఉంటుంది. సంబరానికి కథ ఉండదు. ఏమీ జరగలేదు, అయినా లోపల ఏదో ఎగిరిపడుతోంది, అంతే విషయం. 'నేను ఆనందంగా ఉన్నాను' అని పాడితే వినేవాడికి ఒక సమాచారం అందుతుంది తప్ప ఒంట్లో ఏమీ కదలదు. అందుకని వెన్నెల, మల్లెలు, గుండెలో వీణలు, ఇవన్నీ పక్కన పెట్టేసి నాకు నిజంగా జరుగుతున్న చిన్న చిన్న వాటిని ఫోన్‌లో రాసుకుంటూ పోయాను. నేను ప్రేమించిన అమ్మాయికి పంపిన మెసేజ్‌నే నేను మళ్ళీ మళ్ళీ చదువుకోవడం, తను చదివినప్పుడు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకుంటూ. తను 'టైపింగ్' అని కనబడి, అంతలో ఆ మాట మాయమైపోయి, మళ్ళీ కనబడేలోపు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం. ఎవరో ఇంకెవరినో ఆ అమ్మాయి పేరుతోనే పిలిస్తే ఠక్కున తల తిప్పడం, తిప్పి నవ్వుకోవడం. ఈ చివరిది రాసుకున్నాక పల్లవి దొరికినట్టే అనిపించింది, ఎందుకంటే ఇందులో చేసే పని ఉంది, శరీరం ఉంది, ఎవరికైనా అర్థమయ్యే చిన్న సంఘటన ఉంది.

పల్లవి ఇలా వచ్చింది:

నవ్వాగదే నవ్వాగదే
నీ పేరొస్తే నవ్వాగదే

అంతే, రెండే లైన్లు. ఇవి కాగితం మీద చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, అసలు సంగతి లెక్కలో ఉంది. 'నవ్వాగదే'ని మాత్రలుగా (పలకడానికి పట్టే కాలం కొలత, లఘువుకి ఒకటి, గురువుకి రెండు) విడగొడితే గురువు, గురువు, లఘువు, గురువు, అంటే 2, 2, 1, 2, మొత్తం 7. పాట నడక చతురశ్రం, నాలుగు నాలుగుగా పోతుంది, నాలుగు దెబ్బల ఒక చుట్టుని బార్ అంటారు, దెబ్బకి నాలుగు మాత్రలు, అంటే ఒక అరబార్‌కి 8 మాత్రల చోటుంది. మాట 7 దగ్గర అయిపోతుంది, ఒక మాత్ర ఖాళీ. 'నీ పేరొస్తే' మాత్రం నాలుగూ గురువులే, నిండా 8, సందు లేదు. అంటే రెండుసార్లు చిన్న ఖాళీ, పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా తోసుకుపోవడం, మళ్ళీ చివర ఖాళీ. నేను ముందే లెక్కేసి రాయలేదు, అది నోట్లో ఆడుతూ ఆడుతూ కుదిరింది, తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకుంటే ఒళ్ళు పులకరించింది. ఉయ్యాల పైకి వెళ్ళి దిగబోయే ముందు ఒక్క క్షణం ఎటూ కాకుండా ఉంటుంది కదా, ఆ ఖాళీ మాత్ర సరిగ్గా అలాంటిది. పాటలో సంబరమంతా అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

నమ్మడానికి నా అనుభవం ఒక్కటే కారణం కాదు. ప్రేమ మొదట్లో మెదడులో ఏం జరుగుతుందో ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం ఉంది. కొత్తగా గాఢమైన ప్రేమలో ఉన్న 17 మందికి వాళ్ళు ప్రేమించిన వ్యక్తి ఫొటో చూపిస్తూ, మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ తీస్తే, డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని తయారుచేసే కణాలుండే వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే భాగం చురుగ్గా కనిపించింది. అది దేనికోసమో పరుగెత్తించే వ్యవస్థ, దొరికాక తృప్తిగా కూర్చోబెట్టేది కాదు. ఇక సంగీతం వైపు చూస్తే, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఇంకో సంగతి చూపించారు. మనకి బాగా ఇష్టమైన పాటలో ఒళ్ళు జలదరించే చోటు వచ్చినప్పుడు మెదడులో ఒక భాగంలో డోపమైన్ విడుదలవుతుంది, కానీ ఆ చోటు రాబోతోందని ఎదురుచూసే సెకన్లలోనే వేరే భాగంలో అది ముందుగా మొదలైపోతుంది. అంటే రాబోతోంది, రాబోతోంది అనే ఎదురుచూపు కూడా ఆనందంలో భాగమే. 'టైపింగ్' అని కనబడ్డప్పుడు నాకు కలిగింది అదే కదా అనిపించింది. అందుకని పాట మొత్తాన్ని ఆ ఎదురుచూపు చుట్టూ కట్టుకోవాలని ముగ్గురం తీర్మానించుకున్నాం. సంతోషాన్ని వర్ణించడం కాదు, ప్రతిసారీ దాన్ని ఒక పిసరు ఆలస్యంగా ఇవ్వడం.

వేగం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. నిమిషానికి 90 దెబ్బల (బీపీఎం) దగ్గర పెట్టి పాడించుకుంటే మాటలు బావున్నాయి, కానీ పాట కూర్చుని ఆలోచిస్తున్నట్టుంది, ప్రేమలో పడి చాలాకాలమైనవాళ్ళ పాటలా ఉంది. 130 దాటిస్తే అందరూ ఎగురుతారు గానీ 'వ్వా' దగ్గర దీర్ఘం నలిగిపోయి మాట 'నవ్వగదె' అయిపోతోంది. తెలుగులో దీర్ఘం పోతే మాటే పోతుంది, నాకు అది అస్సలు సహించదు. చివరికి 112 బీపీఎం దగ్గర ఆగాం. ఆ వేగంలో ఒక బార్ రెండు సెకన్ల పైచిలుకు, అందులో 16 మాత్రలు, కాబట్టి 'నవ్వాగదే నవ్వాగదే' ఒక బార్‌లో పడుతుంది. మామూలుగా ఉత్సాహంగా మాట్లాడే మనిషి వేగం అది. నిమిషానికి 28 బార్లు, పాట మొత్తం 80 బార్లు, అంటే 2 నిమిషాల 51 సెకన్లు. పాప్ పాటకి ఈ మూడు నిమిషాల అలవాటు పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి వచ్చింది, 78 ఆర్‌పీఎం పది అంగుళాల డిస్క్ ఒక వైపు పట్టేది సుమారు అంతే. 1949లో 45 ఆర్‌పీఎం చిన్న రికార్డు వచ్చాక కూడా సింగిల్ అంటే అదే కొలతగా నిలిచిపోయింది. ఇప్పుడు ఆ బలవంతమేమీ లేదు, కానీ ఈ రకం పాటకి అది సరిగ్గా సరిపోతుంది, సంబరం ఇంకాస్త ఉంటే బావుణ్ణు అనిపించేచోట ఆపేయాలి.

బాణీ మోహన రాగంలో కట్టాను. పాడే అమ్మాయి గొంతుకి డీ శ్రుతి హాయిగా ఉంటుంది, కాబట్టి స్వరాలు డీ, ఈ, ఎఫ్ షార్ప్, ఏ, బీ. మోహనలో మధ్యమం, నిషాదం ఉండవు, దాంతో పక్కపక్కనే ఒరుసుకునే అర్ధస్వరాల జంట ఒక్కటీ ఉండదు, ఏ స్వరం నుంచి ఏ స్వరానికి దూకినా గీసుకోదు. పిల్లల పాటల దగ్గర్నుంచి పాప్ పాటల దాకా ప్రపంచంలో చాలా చోట్ల ఈ అయిదు స్వరాలే వినిపించడానికి అది ఒక కారణం అనుకుంటాను. మొదటి 'నవ్వాగదే' కింద గాంధారం, పంచమాల చుట్టూ తిరుగుతుంది. రెండోదానిలో 'వ్వా' పంచమం నుంచి పై షడ్జానికి ఒక్క దూకు దూకుతుంది. అక్కడ 'ఆ' ఉండటం అదృష్టం, పై స్థాయిలో 'ఈ', 'ఊ' లాంటి ముడుచుకున్న అచ్చుల కంటే నోరు బాగా తెరుచుకునే 'ఆ' పాడటం సులువు. ఈ మాటని నేను వదలకుండా పట్టుకోవడానికి అది కూడా ఒక కారణం. ఎంత అందమైన మాటైనా సరే, పై స్వరం మీద గొంతుకి అడ్డం పడితే అది ఆ చోటుకి మాట కాదు.

ఇక కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు. ఇక్కడ గొప్పతనమంతా మా కీబోర్డ్ వాడిదే. నేను డీ మేజర్‌తో మొదలుపెట్టి వినిపించాను, వాడు కాసేపు వాయించి, 'ఒరేయ్, పాట మొదలవుతూనే ఇంటికొచ్చేసిందిరా, ఇంక వెళ్ళడానికి ఎక్కడుంది' అన్నాడు. షడ్జం మీది కార్డ్‌ని వాడు ఇల్లు అంటాడు. వాడు చేసిందేమిటంటే పల్లవిని నాలుగో కార్డ్ జీతో మొదలుపెట్టి, రెండో 'నవ్వాగదే'కి ఏ, 'నీ పేరొస్తే'కి బీ మైనర్, ఆఖరి 'నవ్వాగదే'కి డీ. ఒక్కో కార్డ్ సరిగ్గా 8 మాత్రలు. ఇప్పుడు వింటుంటే మొదటి మూడు కార్డ్‌లూ గాల్లోనే ఉంటాయి, నాలుగోదానికి గానీ కాళ్ళు కింద ఆనవు, ఆనీ ఆనగానే మళ్ళీ జీ. పేరు వచ్చేచోట మైనర్ పెట్టడం నాకు ఇప్పటికీ విన్న ప్రతిసారీ కలుక్కుమనిపిస్తుంది. సంతోషంలో అంత సన్నని భయం ఉంటుంది, తనకి కూడా ఇలాగే ఉందో లేదో అని, ఆ ఒక్క కార్డ్ దాన్ని చెప్పేసింది, నేను ఒక్క మాట కూడా రాయనక్కర్లేకుండా.

చరణం రాయడం పల్లవి కంటే తొందరగా అయింది, ముందు రాసుకున్నవి ఉన్నాయి కాబట్టి.

పంపిన మాటే మళ్ళీ చదివా
చదివిన చోటే తెల్లారెనే

మొదటి లైను నిండా 16 మాత్రలు, ఊపిరి తీసుకునే సందివ్వదు. రెండోది 15, చివర ఒక మాత్ర వదులుతుంది. అలా పట్టి వదలడం చరణమంతా ఉంటుంది. పల్లవి ముందు నాలుగు బార్లలో డ్రమ్స్ ఒక్కొక్కటీ తగ్గుతాయి, ముందు కిక్ పోతుంది, తర్వాత హైహ్యాట్, పల్లవికి సరిగ్గా అరబార్ ముందు బేస్ కూడా ఆగిపోయి ఒక్క గొంతే మిగులుతుంది. ఎక్కువమంది అక్కడ ఇంకా ఇంకా పెంచుకుంటూ పోతారు, డ్రమ్ రోల్స్, పైకెక్కే శబ్దాలు. అవి డాన్స్ పాటకి బావుంటాయి. ఈ పాటలో మాత్రం తగ్గించడమే పనిచేసింది, ఎందుకంటే తన పేరు వినబడబోయే ముందు మనకి బయటి చప్పుళ్ళేవీ చెవికెక్కవు.

పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది రెండో చరణం తర్వాత వచ్చే ముక్క. అక్కడ కథ ప్రకారం చెప్పేయాలా వద్దా అనే ఊగిసలాట. కవిత్వం రాయబోయి ఆగి, మనసులో నిజంగా నడిచే మాటలే పెట్టాను: 'చెప్పనా, వద్దులే, చెప్పనా'. ఇందులో ప్రతి మాటా గురువు, లఘువు, గురువు, అంటే అయిదు మాత్రలు, ఖండగతి, తకతకిట. మూడు అయిదులు పదిహేను, ఒక మాత్ర ఖాళీ, మొత్తం పదహారు, బార్ పూర్తి! అంటే తాళం నాలుగు నాలుగుగా పోతూనే ఉంటుంది, మాటలు మాత్రం అయిదు అయిదుగా జారుతుంటాయి. చప్పట్లు ప్రతి అయిదు మొదట్లో వేశాం, 1, 6, 11 మాత్రల దగ్గర, మిగతా వాయిద్యాలన్నీ బంద్. వినేవాడి కాలు నాలుగుకి ఆడుతుంటుంది, చెవి అయిదు వింటుంది, రెండింటి మధ్య ఒక చిన్న తూలు వస్తుంది, మళ్ళీ బార్ మొదట్లో రెండూ కలుస్తాయి. ప్రేమలో ఉన్న మనిషి మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు లేదనుకుని కాలు వేస్తాడే, ఒంటికి అచ్చం అలాగే అనిపిస్తుంది. రెండో బార్‌లో 'వద్దులే, చెప్పనా, వద్దులే', అలా నాలుగు బార్లు మారుతూ నడిచి, ఒక అరబార్ పూర్తి నిశ్శబ్దం, ఆ తర్వాత పల్లవి అన్ని వాయిద్యాలతో. 'ఇక్కడ్నుంచి శ్రుతి ఒక మెట్టు పెంచుదామా' అని మావాడు అడిగాడు, చాలా పాటల్లో చేస్తారు, కానీ వద్దనుకున్నాం. ఆ తూలు ఇచ్చిన ఎత్తు చాలు, శ్రుతి మారిస్తే చెవి అటు వెళ్ళిపోతుంది.

రికార్డింగ్ బట్టల బీరువా తెరిచి దాని ఎదురుగా చేశాం, వేలాడే బట్టలు గది ప్రతిధ్వనిని బాగా పీల్చుకుంటాయి. ఒక కండెన్సర్ మైక్, ఒక వైపు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ రకం, నోటికి జానెడు దూరంలో, మధ్యలో నోటి గాలి దెబ్బని ఆపే తెర, పాప్ ఫిల్టర్. ఫిల్టర్ ఉన్నా 'పేరొస్తే'లో 'పే' ఠప్‌మని గాలి కొడుతుంటే మైక్‌ని కొంచెం పక్కకి తిప్పి, గాలి సూటిగా తగలకుండా చేశాం, పోయింది. రికార్డింగ్ అమరిక 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. పాడేటప్పుడు బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఎంతెంత ముక్కలుగా తీసుకోవాలో చెప్పే అమరిక) 128 శాంపిల్స్ దగ్గర ఉంచితే పాడేవాళ్ళ గొంతు వాళ్ళకి హెడ్‌ఫోన్స్‌లో దాదాపు ఆలస్యం లేకుండా వినబడుతుంది, అంత వేగంలో అది చాలా ముఖ్యం, కొంచెం ఆలస్యమైనా సింగర్ లాగుతూ పాడేస్తారు. మిక్సింగ్‌కి కూర్చున్నాక 1024కి పెంచేసుకోవచ్చు, అప్పుడు కంప్యూటర్ మీద భారం తగ్గుతుంది.

మొదటి టేక్ అయ్యాక ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, 'బాబూ, నువ్వు ఖాళీ మాత్ర ఖాళీ మాత్ర అంటున్నావు గానీ అంత చోటులో ఊపిరెలా తీసుకోను' అంది. లెక్కవేస్తే ఆ మాత్ర సెకనులో ఏడో వంతు కూడా లేదు. దానికి పరిష్కారం కూడా తనే చూపించింది. 'దే'ని రెండు మాత్రలు సాగదీయకుండా ఒక్కదాంట్లో తుంచేసి, మిగిలిన రెండు మాత్రల్లో చప్పున ఊపిరి లోపలికి లాగింది. ఆ ఊపిరి చప్పుడు మైక్‌లో పడింది. అది వినగానే మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నవ్వుని ఆపుకోలేక మధ్యలో గాలి పీల్చుకునే మనిషి చప్పుడు అది, నూటికి నూరుపాళ్ళు. మామూలుగా ఎడిటింగ్‌లో ఊపిరి చప్పుళ్ళు తగ్గించేస్తారు లేదా తీసేస్తారు, ఈ పాటలో పల్లవి ఊపిర్లన్నీ అలాగే ఉంచాం, ఒకటి రెండు చోట్ల కొంచెం పెంచాం కూడా.

ఇంకో సంగతి, పల్లవి పాడేటప్పుడు నిజంగా నవ్వుతూ పాడమన్నాం. ఇది ఊరికే హుషారు కోసం చెప్పింది కాదు. నవ్వితే పెదాలు వెనక్కి లాగబడి, గొంతు నుంచి పెదాల దాకా ఉండే దారి పొట్టిదవుతుంది, దాంతో ధ్వనికి మెరుపు పెరుగుతుంది. మొహం కనబడకపోయినా అవతలి మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నారని ఫోన్‌లో మనం పట్టేయగలిగేది ఇందుకే. చరణంలో మాత్రం నవ్వకుండా, మైక్‌కి దగ్గరగా, దాదాపు చెవిలో చెప్పినట్టు. రెండూ వినిపించి చూసుకుంటే ఒకే మనిషి లోపల ఇద్దరున్నట్టుంది. నవ్వుతూ పాడితే శ్రుతి ఒక్కోచోట పిసరు పైకి పోతుంది, దాన్ని పిచ్ కరెక్షన్‌తో (శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) పూర్తిగా చదును చేయలేదు, మరీ బయటపడ్డ ఒకటి రెండు స్వరాలు సర్ది వదిలేశాం. పై షడ్జానికి ఎక్కేటప్పుడు గొంతు కింద నుంచి జారుకుంటూ వెళుతుంది, ఆ జారుడుని మెషిన్ గీత గీసినట్టు చేస్తే పాట చచ్చిపోతుంది, ఇది నా గట్టి అభిప్రాయం.

మిక్సింగ్ గురించి క్లుప్తంగా. చరణంలో గొంతు ఒక్కటే, మధ్యలో, రివర్బ్ (గది మోతలాంటి ప్రతిధ్వని) దాదాపు లేకుండా. పల్లవిలో అదే గొంతు మళ్ళీ మళ్ళీ పాడించిన ట్రాక్స్ కుడికీ ఎడమకీ, వెనకాల రివర్బ్, దాంతో గది గోడలు వెనక్కి జరిగినట్టుంటుంది. గొంతులో 90 హెర్ట్జ్ కింద అంతా కోసేశాం, అక్కడ పనికొచ్చేదేమీ లేదు. 'పేరొస్తే'లో 'స్తే' చెవికి గుచ్చుకుంటుంటే 'స' లాంటి బుసబుస శబ్దాల్ని తగ్గించే డీఎస్సర్ 6, 7 కిలోహెర్ట్జ్ మధ్య వేసి మెత్తబరిచాం, ఎక్కువైతే 'త్తే' అని నత్తిగా వినబడుతుంది కాబట్టి జాగ్రత్తగా. బేస్ ప్రతి కార్డ్‌కీ పిసరు ముందే వచ్చేస్తుంది, ఆగలేక తొందరపడ్డట్టు, దాన్ని మావాడు కావాలనే అలా వాయించాడు. కానీ ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ మాయం, చిన్న స్పీకర్లు కింది ఫ్రీక్వెన్సీలు పలకలేవు. సాచురేషన్ వేసి దానికి పై స్వరాల ఛాయలు జోడిస్తే అసలు స్వరం వినబడకపోయినా చెవి దాన్ని పూరించుకుంటుంది, అప్పుడు ఫోన్‌లో కూడా ఆ తొందర తెలిసింది. ఎక్కువమంది వినేది ఫోన్‌లోనే, ఖరీదైన స్పీకర్ల మీద ఎంత బావుంటే ఏం లాభం.

మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చేసే ఆఖరి మెరుగులో, గట్టిదనం కోసం ఎగబడలేదు. స్పాటిఫై లాంటివి పాటల్ని సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినబడే గట్టిదనం కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తాయి, మనం ఎంత గట్టిగా నొక్కి ఇచ్చినా వాళ్ళు తగ్గించేస్తారు, నొక్కినందుకు పోయిన జీవం మాత్రం తిరిగి రాదు. మేం -12 దగ్గర ఆపాం, ట్రూ పీక్, అంటే శబ్దం చేరే అత్యధిక ఎత్తు, -1 డీబీ. దీనివల్ల ఆ అరబార్ నిశ్శబ్దం నిశ్శబ్దంలాగే ఉంది, తర్వాత వచ్చే పల్లవి మీద పడ్డట్టు ఉంది. విడుదలకి ముందు పాటలో ఎవరి వాటా ఎంతో ముగ్గురం ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. స్నేహితుల మధ్య ఇదేంటి అనుకోకండి, స్నేహం ఉన్నప్పుడే అది హాయిగా జరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ ద్వారా అప్‌లోడ్ చేసేటప్పుడు పాటకి ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఇస్తారు, 12 అక్షరాలూ అంకెలూ ఉండేది, ఆ రికార్డింగ్‌కి అదే గుర్తింపు. దాన్ని ఎక్కడో ఒకచోట రాసి దాచుకోండి.

నేను ప్రేమించిన అమ్మాయికి పాట విడుదలకి ముందే వినిపించాను, పక్కన కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ తనకి, ఒకటి నాకు. దానివల్ల కుడి ట్రాక్స్ తనకి, ఎడమవి నాకు వినబడ్డాయి, సగం సగం. 'చెప్పనా, వద్దులే' దగ్గర నా వైపు తిరిగి, 'నువ్వు ఆ రోజు ఫోన్‌లో ఇలాగే నసిగావు' అంది. నిజమే, ఆ మాటలు అక్కడివే. రెండోసారి పెట్టినప్పుడు చప్పట్లు తనే వేసింది, 1, 6, 11, ఎవరూ లెక్క చెప్పకుండానే సరిగ్గా పడ్డాయి. విన్న మిగతావాళ్ళలో కూడా చాలామంది పల్లవి పాడేటప్పుడు ఆ ఊపిరిని కూడా కలిపి పాడుతున్నారు, అది బాణీలో భాగం అనుకుని. ఇప్పుడు అది నిజంగా భాగమే.

ప్రస్తుతం ఇదే పాటని గిటార్ ఒక్కదానితో, తిశ్రగతిలో, అంటే మూడు మూడుగా నడిచే నడకలో, నెమ్మదిగా చేస్తున్నాం. 7 మాత్రల 'నవ్వాగదే' మూడు మూళ్ళ తొమ్మిదిలో కూర్చోవాలంటే ఖాళీ రెండు మాత్రలవుతుంది, అంటే 'దే'ని తుంచకుండానే ఊపిరికి చోటు దొరుకుతుంది. పాడే అమ్మాయికి ఇది తెగ నచ్చింది. కాకపోతే 'నీ పేరొస్తే'కి 8 మాత్రలే కాబట్టి అక్కడ కూడా ఇప్పుడు ఒకటి మిగులుతోంది, పేరు దగ్గర ఆ తోపు పోయింది. ఆ ఒక్క మాత్రని గిటార్‌తో నింపాలా, 'నీ పేరే వస్తే' అని మాట పెంచాలా అన్నదాని మీద మేం ముగ్గురం ఇంకా వాదించుకుంటున్నాం. మాట పెంచితే 10 అయిపోతుంది, తొమ్మిదిలో పట్టదు, కాబట్టి నేను గిటార్ వైపే ఉన్నాను. మావాడు మాత్రం 'పేరు పలికినాక నిశ్శబ్దమే ఉండనీరా' అంటున్నాడు. రెండు రకాలుగానూ డెమో చేసి వినిపించుకోవాలి.